గట్టు చెట్టు ఎందుకు లావు?

కనిగిరి చుట్టుపక్కల మెట్టల్లో జామాయిల్ తోట కనబడితే గట్టు వెంబడి వరుసనూ లోపలి వరుసలనూ పోల్చి చూడండి. ఎత్తులో పెద్ద తేడా ఉండదు. లావులో మాత్రం గట్టు చెట్టుదే పైచేయి. అంతా ఒకే క్లోన్ అయితే, అంటే ఒకే తల్లిచెట్టు కొమ్మల నుంచి తీసిన మొక్కలైతే, ఆ తేడాను విత్తనం మీదికి నెట్టలేం. ఒక పక్క పోటీ లేదు. ఎండా, వేళ్లకు తేమా ఎక్కువ అందాయి. వాన తక్కువ పడే ఈ నేలల్లో ఎండకన్నా తేమే అసలు సంగతి.

దగ్గర దగ్గరగా నాటితే ఎకరా మొత్తం మీద తొలి ఏళ్లలో కర్ర ఎక్కువే వస్తుంది. కానీ ఒక్కో మాను సన్నం. సన్న కర్రలో తొక్క పాలు ఎక్కువ, ఒలిచే కూలీ ఎక్కువ. సరపాక, రాజమండ్రి కాగితపు మిల్లులకు పోయే కర్రను టన్నుల్లోనే తూస్తారు గనుక ఈ లెక్క రైతు మరవకూడదు.

అదే సన్నదనం కోస్తాలో సర్వికి లాభం. గుంపులో కింది కొమ్మలకు వెలుతురందక ఎండి రాలిపోతాయి, మాను నిటారుగా సాగుతుంది, వాసాలకు పనికొస్తుంది. ఎడంగా పెరిగిన మానుకు లావు కొమ్మలు, వాటితో పెద్ద ముడులు. కోత పలకకు ముడి ఉన్నచోటే బలహీనం.

ఎడం పెంచితే కర్ర గుల్లబారుతుందన్న భయం జామాయిల్ విషయంలో పెద్దగా నిలవదు. చిక్కదనాన్ని ఎక్కువగా నిర్ణయించేవి వయసూ, క్లోనూ. నాలుగేళ్లకే నరికితే, ఏ ఎడంలో పెంచినా చేతికొచ్చేది లేత కర్రే.

ఎకరాకు ఎన్ని మొక్కలన్నది సగం ప్రశ్నే. మూడు మీటర్లకు మూడు పెట్టినా, ఆరుకు ఒకటిన్నర పెట్టినా దాదాపు 450 మొక్కలే. రెండో పద్ధతిలో కొమ్మలు ఖాళీ సాలువైపు ఎక్కువ సాగుతాయి. బదులుగా మొదటి ఒకటి రెండేళ్లు కందో పెసరో పండుతుంది. మెట్ట రైతుకు నాకైతే ఇదే నచ్చుతుంది.

ఏ ఎడం మేలో తేల్చడానికి 1962లో నెల్డర్ అనే బ్రిటిష్ గణాంకవేత్త ఒక ఉపాయం చెప్పాడు. బండి చక్రం ఆకుల్లా వరుసలు నాటితే నడిమిన ఇరుకు, అంచున విశాలం. ఒక్క మడిలోనే అన్ని ఎడాలూ పరీక్షకొస్తాయి.

నరికాక మోడు నుంచి పిలకలొస్తాయి. మోడుకు ఒకటే ఉంచితే పాత ఎడమే. రెండుంచితే ఎకరాకు మానులు రెట్టింపై, తోట మళ్లీ ఇరుకవుతుంది.