గుమాస్తా, సన్యాసి, కవి... ఆ బడిలో అందరూ మాస్టార్లే!

అయిదుగురు పిల్లలతో మొదలైన చిన్న బడి అది. తొలినాళ్లలో అక్కడ పాఠాలు చెప్పినవాళ్లెవరో తెలుసా? కాషాయం కట్టిన ఓ క్రైస్తవుడు, జమీందారీ లెక్కలు రాసుకునే గుమాస్తా, డిగ్రీ పరీక్ష వదిలేసి వచ్చిన కుర్ర కవి! శాంతినికేతన్ పేరు వినని తెలుగువారుండరు. విశ్వకవి పక్కన నిలబడి ఆ బడిని నడిపిన మాస్టార్ల గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువే. ఎక్కడెక్కడినుంచో వచ్చిన ఆ గురువుల కథ ఇది.

బడంటే పడనాయన పెట్టిన బడి

రవీంద్రనాథ్ ఠాగూర్‌కి చిన్నప్పుడు బడంటే అస్సలు పడేది కాదు. నాలుగు గోడల మధ్య కదలకుండా కూర్చోవడం, అర్థమైనా కాకపోయినా అప్పజెప్పడం... ఇవేవీ ఆయనకు సరిపడలేదు. కలకత్తాలో ఒకటి తర్వాత ఒకటిగా బడులు మార్చారు. చివరికి అసలు మానేశారు. నలభయ్యేళ్లు వచ్చాక అదే మనిషి సొంతంగా ఓ బడి పెట్టారు!

బెంగాల్‌లోని బోల్పూర్ దగ్గర ఆయన తండ్రి దేవేంద్రనాథ్‌కు కొంత భూమి ఉండేది. 1863లో తీసుకున్న ఆ నేలంతా ఎర్రమట్టి. బీడు మధ్యలో ఏడాకుల పాల చెట్లు. అక్కడ 1901 డిసెంబరు 22న బడి మొదలైంది. చేరింది అయిదుగురు. అందులో ఒకరు ఠాగూర్ పెద్దకొడుకు రథీంద్రనాథే. మొదట్లో ఫీజు లేదు. బెంచీల్లేవు. చెట్టు కింద చాప పరిస్తే అదే తరగతి గది.

చెట్లకేం, చాలానే ఉన్నాయి. మాస్టార్లు ఎక్కడినుంచి రావాలి? జీతం అంతంతమాత్రం. ఊరికి దూరం. అప్పట్లో కాస్త చదువుకున్నవాడెవడైనా కలకత్తాలో సర్కారీ కొలువు కోసం చూసేవాడు గానీ ఈ బీడులోకి ఎందుకొస్తాడు? అందుకే ఠాగూర్ పట్టాలు పట్టుకుని తిరిగేవాళ్లకోసం వెతకలేదు. మనుషుల కోసం వెతికారు.

కాషాయం కట్టిన క్రైస్తవుడు

తొలిరోజుల్లో ఠాగూర్‌కి కుడిభుజంగా నిలిచింది బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ. ఇద్దరూ పుట్టింది 1861లోనే. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఉపాధ్యాయ బ్రహ్మసమాజంలో చేరి, పాఠాలు చెప్పడానికి సింధు ప్రాంతంలోని హైదరాబాద్ వెళ్లారు. 1891లో క్రైస్తవం పుచ్చుకున్నారు. అయినా కట్టింది మాత్రం కాషాయమే! మతం మారితే ఈ దేశపు తీరుతెన్నులు ఎందుకు వదులుకోవాలన్నది ఆయన వాదన. ఠాగూర్‌ను 'గురుదేవ్' అని మొట్టమొదట పిలిచింది ఆయనేనంటారు.

నిండా ఏడాదైనా కాకుండానే ఆయన బడి విడిచి వెళ్లారు. ఆ తర్వాత 'సంధ్య' పత్రిక నడుపుతూ బ్రిటిష్ ప్రభుత్వం మీద నిప్పులు కురిపించారు. రాజద్రోహం కేసు విచారణలో ఉండగానే 1907లో ఆసుపత్రిలో కన్నుమూశారు.

'సాయంత్రాలు ఏం చేస్తుంటారు?'

ఠాగూర్ కుటుంబానికి తూర్పు బెంగాల్‌లో జమీందారీ ఉండేది. పద్మానది ఒడ్డున శిలైదహ, కాస్త దూరంలో పతిసర్... ఇప్పుడవన్నీ బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. ఎస్టేటు పనులు చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా ఆయన కళ్లు మాస్టార్ల కోసమే వెతికేవి.

అలా దొరికినవారే జగదానంద రాయ్. కృష్ణనగర్ మనిషి. ఠాగూర్ కుటుంబం నడిపే 'సాధన' పత్రికకు సైన్సు వ్యాసాలు రాసేవారు. ఆ రాతలు నచ్చి ఠాగూర్ ఆయనకు ఎస్టేటులో ఉద్యోగమిచ్చారు. కానీ ఇంత చక్కగా రాసే మనిషిని పద్దుపుస్తకాల ముందు కూర్చోబెట్టడం అన్యాయం అనిపించింది. బడికి పిలిపించుకున్నారు. లెక్కలు, సైన్సు ఆయన పాఠాలు. అక్కడితో ఆగలేదు. గ్రహాలు, నక్షత్రాలు, పురుగులు, పక్షులు, మొక్కలు... ఇలా పిల్లలకు అర్థమయ్యే బెంగాలీలో వరసగా పుస్తకాలు రాశారు. బెంగాల్ పిల్లల్లో ఎంతోమందికి సైన్సు రుచి చూపించింది ఒకప్పటి ఎస్టేటు ఉద్యోగే!

ఇంకో కథ ఇంతకన్నా విచిత్రం. పతిసర్ కచేరీలో హరిచరణ్ బందోపాధ్యాయ అనే ఉద్యోగి ఉండేవారు. డబ్బుల్లేక కాలేజీ చదువు మధ్యలో ఆగిపోయింది. ఓసారి ఠాగూర్ అక్కడికి వెళ్లినప్పుడు, పగలంతా కచేరీ పని సరే, సాయంత్రాలు ఏం చేస్తుంటారని అడిగారు. సంస్కృతం చదువుకుంటున్నాననీ, ఓ పుస్తకం రాతప్రతి సిద్ధం చేస్తున్నాననీ చెప్పారు హరిచరణ్. ఠాగూర్ ఆ రాతప్రతి తెప్పించుకుని చూశారు. అప్పటికేమీ అనలేదు. కొన్నాళ్లకు ఎస్టేటు మేనేజరుకు ఉత్తరం వచ్చింది... సంస్కృతం తెలిసిన మీ ఉద్యోగిని శాంతినికేతన్‌కి పంపమని! 1902లో హరిచరణ్ సంస్కృతం మాస్టారయ్యారు.

బెంగాలీకి సమగ్రమైన నిఘంటువు ఉంటే బాగుండునన్నారు ఠాగూర్. ఆ మాట పట్టుకుని 1905లో పని మొదలుపెట్టారు హరిచరణ్. పగలు పాఠాలు, తీరిక దొరికితే పదాలు. మధ్యలో ఇల్లు గడవని పరిస్థితి వచ్చింది. 1911లో బడి వదిలి కలకత్తాలో ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది. ఠాగూర్ ఊరుకోలేదు. కాశింబజార్ మహారాజా మణీంద్రచంద్ర నందిని ఒప్పించి నెలకు 50 రూపాయల సాయం ఇప్పించారు. హరిచరణ్ మళ్లీ చెట్టు కిందికి చేరారు.

రాత పూర్తయ్యేసరికి 1923. అచ్చు వేయడానికి డబ్బేదీ? ఇంకో తొమ్మిదేళ్లు ఎదురుచూపులు. 1932లో చిన్నచిన్న భాగాలుగా అచ్చు మొదలై 1945లో ముగిసింది. 'బంగీయ శబ్దకోశ్' పూర్తయిన నాటికి పని అప్పగించిన ఠాగూర్ లేరు. సాయం చేసిన మహారాజా లేరు. మొదలుపెట్టినప్పుడు నలభై లోపున్న మాస్టారికి డెబ్భై ఎనిమిదేళ్లు. ముసలితనంలో ఆయన చూపు కూడా పోయింది. తర్వాత ఆ నిఘంటువును సాహిత్య అకాడెమీ మళ్లీ అచ్చు వేసింది. బెంగాలీ చదువుకునేవాళ్లు నేటికీ దాన్ని తిరగేస్తూనే ఉన్నారు.

పరీక్ష వదిలేసి వచ్చాడు

సతీశ్‌చంద్ర రాయ్‌ది మరో దారి. ఇరవై ఏళ్ల కుర్రాడు. కవిత్వమంటే ప్రాణం. బీఏ పరీక్ష రాయాల్సినవాడు అది పక్కనపెట్టి శాంతినికేతన్ వచ్చేశాడు. పిల్లలతో కలిసి ఎండలో, వానలో తిరుగుతూ పెద్దపెద్ద కవుల కావ్యాలు కథల్లా చెప్పేవాడు. ఇంత చిన్నపిల్లలకు అవేం అర్థమవుతాయన్న అనుమానమే అతనికి లేదు. ఉదంకుడి కథ ఆధారంగా వాళ్లకోసం 'గురుదక్షిణ' రాశాడు.

1904 ఫిబ్రవరిలో మశూచి సోకింది. మాఘ పౌర్ణమి నాడు ఆ బడిలోనే కన్నుమూశాడు. అప్పటికి ఏడాదికి పైగా ఠాగూర్ ఇంట్లో చావుల మీద చావులు. 1902లో భార్య మృణాళినీదేవి, మరుసటి ఏడాది కూతురు రేణుక పోయారు. బడి కోసమని మృణాళినీదేవి తన నగలు ఇచ్చేశారు. పూరీలోని ఇల్లూ అమ్ముడుపోయింది. ఇన్నిటి మధ్య బడి మూతపడలేదంటే కారణం... ఒక్కొక్కరే వస్తూ ఉన్న మాస్టార్లు.

కాశీ నుంచి, కేంబ్రిడ్జి నుంచి...

కాశీలో సంస్కృతం చదివిన విధుశేఖర శాస్త్రి వచ్చారు. సంప్రదాయ పండితుడైన ఆయన ఇక్కడికొచ్చాక బౌద్ధగ్రంథాల కోసం పాళీ నేర్చుకున్నారు. ఆ తర్వాత టిబెటన్ కూడా!

1908లో క్షితిమోహన్ సేన్ చేరారు. అంతకుముందు ఆయన హిమాలయాల్లోని చంబా సంస్థానంలో విద్యాశాఖ ఉద్యోగి. సంస్కృతం ఎంత తెలుసో, పల్లెల్లో సాధువులు పాడే పాటలూ అంతే తెలుసు. ఊరూరా తిరిగి కబీర్ పాటలు సేకరించారు. ఠాగూర్ ఇంగ్లిషులోకి తెచ్చిన కబీర్ గీతాలకు ఆ సేకరణే ఆధారం. అన్నట్టు, 1998లో నోబెల్ అందుకున్న అమర్త్యసేన్ ఈ మాస్టారి మనవడే. ఆ మనవడికి పేరు పెట్టింది ఠాగూర్. అతను చదువుకుందీ ఈ బడిలోనే.

1905లో జపాన్ నుంచి సానో జిన్నోసుకే వచ్చి పిల్లలకు జూడో నేర్పారు. తిరిగి వెళ్లాక ఠాగూర్ నవల 'గోరా'ను జపనీస్‌లోకి అనువదించారు. నేర్పడానికి వచ్చిన మాస్టారు తానూ ఓ భాష నేర్చుకుని వెళ్లారన్నమాట!

1914లో ఇద్దరు ఇంగ్లిషువాళ్లు వచ్చారు. కేంబ్రిడ్జిలో చదివి, ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో పాఠాలు చెప్పిన సి.ఎఫ్.ఆండ్రూస్ ఒకరు. మిషనరీ కాలేజీలో వృక్షశాస్త్రం బోధించడానికి కలకత్తా వచ్చిన విలియం పియర్సన్ మరొకరు. పియర్సన్ బడి పిల్లలకు చెప్పడంతో సరిపెట్టుకోలేదు. చుట్టుపక్కల సంతాల్ గూడేలకు వెళ్లి అక్కడి పిల్లలకూ చదువు చెప్పారు. 1923లో ఇటలీలో రైలు నుంచి జారిపడి చనిపోయారు. శాంతినికేతన్‌లోని ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు.

ముగ్గు వేస్తే పాఠం

1919లో బొమ్మల కోసం కళాభవన్ ఏర్పడింది. కొద్దికాలానికే నందలాల్ బోస్ దాని బాధ్యత తీసుకున్నారు. మన రాజ్యాంగం రాతప్రతికి బొమ్మలు వేసింది ఆయనా, ఆయన శిష్యులే. ఆయన దగ్గర పాఠం చెప్పినవాళ్లలో సుకుమారీదేవి ఒకరు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన వితంతువు. ఆమెకు వచ్చిన విద్య 'ఆల్పనా'... అంటే బియ్యప్పిండి కలిపిన నీళ్లతో వేసే ముగ్గు. మన ఇళ్లలో అమ్మమ్మలు వాకిట్లో వేసే ముగ్గులాంటిదే. దాన్ని ఓ పాఠంగా నేర్పించారు శాంతినికేతన్‌లో.

బాంకురాలో క్షురకుల కుటుంబంలో పుట్టిన రామ్‌కింకర్ బైజ్ 1925లో విద్యార్థిగా వచ్చి అక్కడే మాస్టారయ్యారు. కంచు కొనే స్తోమత లేకపోతే సిమెంటు, ఎర్రకంకర కలిపి నిలువెత్తు శిల్పాలు చేశారు. 1938 నాటి 'సంతాల్ కుటుంబం' ఇప్పటికీ అక్కడ ఆరుబయట కనిపిస్తుంది. పుట్టుకతోనే చూపు సరిగా లేని వినోద్ బిహారీ ముఖర్జీ బొమ్మలేం వేస్తాడని మొదట్లో సందేహం వచ్చింది. ఆసక్తి ఉంటే కూర్చోనివ్వమని ఠాగూరే చెప్పారంటారు. ఆయనా అక్కడే మాస్టారయ్యారు. నడివయసులో చూపు పూర్తిగా పోయినా కళను వదల్లేదు. శిష్యుడు సత్యజిత్ రాయ్ ఆ గురువు మీద 1972లో డాక్యుమెంటరీ తీశారు.

ఆ ఒక్క ప్రశ్న

వీళ్లందరిలో ఉన్న పోలిక ఏమిటి? కులం కాదు, మతం కాదు, డిగ్రీ అంతకన్నా కాదు. పాఠం చెబుతూనే ఎవరికివారు ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉన్నారు. ఒకరికి నిఘంటువు, ఒకరికి నక్షత్రాలు, ఇంకొకరికి కబీర్ పాటలు. కళ్లముందు ఓ పెద్దాయన పదాలు ఏరుకుంటూ ఏళ్లకేళ్లు గడపడం చూసిన పిల్లాడికి 'శ్రద్ధగా చదువుకో' అని వేరే చెప్పాలా?

అలాగని అదంతా పూలబాటేం కాదు. చాలీచాలని జీతాలతో మాస్టార్లు ఇబ్బందులు పడ్డారు. ఇమడలేక కొందరు వెళ్లిపోయారు. 1913లో నోబెల్ వస్తే ఆ సొమ్మును పతిసర్ రైతుల బ్యాంకులో వేసి, వడ్డీ బడికి వచ్చేలా ఏర్పాటు చేశారు ఠాగూర్. అదీ చాల్లేదు. ముసలితనంలో కూడా నాటక బృందాన్ని వెంటేసుకుని విరాళాల కోసం ఊళ్లు తిరిగారాయన. మంచి మాస్టార్లను వెతికి తెచ్చుకోవడం ఒక ఎత్తు, వాళ్ల ఇల్లు గడిచేలా చూసి నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు.

1921లో విశ్వభారతి ఏర్పడింది. 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2023లో శాంతినికేతన్‌కు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. ఆనాటి బడి 'పాఠభవన్' పేరుతో నడుస్తూనే ఉంది. 1920ల్లో మన బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతన్‌లో చదువుకుని వచ్చారు. తర్వాత ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయాల్లో ఎంత తీరిక లేకున్నా ఠాగూర్ రచనలను తెలుగులోకి తెచ్చే పని మానలేదు. ఆ మాస్టార్ల అలవాటే అబ్బిందేమో!

పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు మనం చాలా అడుగుతాం. ఫీజెంత, బస్సు ఇంటిదాకా వస్తుందా, ర్యాంకులెన్ని వచ్చాయి... అన్నీ అవసరమే. వాటితోపాటు ఠాగూర్ ఆ కచేరీ ఉద్యోగిని అడిగిన ప్రశ్న కూడా ఓసారి మాస్టారినో టీచరమ్మనో అడిగి చూడండి... సాయంత్రాలు మీరేం చేస్తుంటారని! తనకిష్టమైన పని గురించి చెబుతూ ఆ ముఖం వెలిగిందా, మీ పిల్లలకు మంచి గురువు దొరికినట్టే. కాపీలు దిద్దడానికే రాత్రి సరిపోతోందని నిట్టూర్చారా... తప్పు వాళ్లది కాదు. ఆ కాస్త తీరికా వాళ్లకు లేకుండా చేసిందెవరో ఆలోచించాల్సింది బడి యాజమాన్యాలూ, మనమూ.