డీప్ ఫ్రీజర్ ఆగిపోయాక కాదు, ముందే చూసుకోవాలి

చికెన్ షాపు, బేకరీ, ఐస్‌క్రీమ్ పార్లర్, హోటల్ కిచెన్.. వీటిల్లో ఫ్రిజ్ ఒక్క రాత్రి ఆగితే పొద్దున్నే వేల రూపాయల సరుకు పారబోయాల్సి వస్తుంది. పారబోయకుండా అమ్మితే తిన్నవాళ్ల ఆరోగ్యం పోతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఈ బాధ మరీ ఎక్కువ.

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని లాగి బయట పారేస్తుంది, అంతే. ఆ పారేసే పని కండెన్సర్ జాలీది. చికెన్ షాపులో దానికి ఈకల నూగు పడుతుంది. హోటల్లో నూనె పొగ, దుమ్ము కలిసి జిగురులా అంటుకుంటాయి. అప్పుడు వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి కంప్రెసరే కాలిపోతుంది. అందుకే హోటళ్లలో నెలకోసారి, మిగతా షాపుల్లో కనీసం మూడు నెలలకోసారి ప్లగ్ తీసేసి, మెత్తటి బ్రష్‌తో జాలీ రేకుల వెంట పైనుంచి కిందికి దులపాలి. గట్టిగా రుద్దితే రేకులు వంగిపోతాయి. పైపుతో నీళ్లు కొట్టొద్దు. కొన్ని డీప్ ఫ్రీజర్లకు జాలీ బయట కనిపించదు, పైపులు పక్క గోడల్లోనే ఉంటాయి. పక్కలు వేడెక్కితే కంగారు పడక్కర్లేదు గానీ, వాటికి బస్తాలు, అట్టపెట్టెలు ఆనించొద్దు.

లోపల మంచు అర సెంటీమీటరు మందం పేరుకుందంటే సరుకు వేరే పెట్టెలోకి మార్చి, ఆఫ్ చేసి కరగనివ్వాలి. కత్తితో గీకే అలవాటు చాలామందికి ఉంది. పైపుకు చిన్న రంధ్రం పడితే గ్యాస్ మొత్తం పోతుంది. ఈమధ్య వస్తున్న చాలా మెషీన్లలో ఆర్-290 గ్యాస్ ఉంటుంది. అది ప్రొపేన్, అంటుకునే గుణం ఉన్నది. స్టిక్కర్ చూసుకోండి.

డోర్ రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. సబ్బు నీళ్లతో రబ్బరు మడతలు, నీళ్లు పోయే రంధ్రం వారానికోసారి కడగండి. యాసిడ్, బ్లీచింగ్ కలిపి మాత్రం వాడొద్దు, విషవాయువు వస్తుంది.

ఇక అన్నిటికంటే ప్రమాదమైనది, బిల్లు తగ్గుతుందని రాత్రి పూట ఫ్రీజర్ ఆపేయడం. మాంసం కరిగితే బ్యాక్టీరియా పెరుగుతుంది. పొద్దున స్విచ్ వేస్తే మళ్లీ గట్టిపడుతుంది, చూడ్డానికి తాజాగానే ఉంటుంది. కానీ గడ్డకట్టినంత మాత్రాన బ్యాక్టీరియా చావదు, నిద్రపోతుందంతే. అలాంటి సరుకు వండేవాళ్లకు తెలిసే దారి కూడా లేదు. ఫ్రీజర్‌లో మైనస్ 18, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉండాలి. డిస్‌ప్లే అంకెను నమ్మకుండా లోపల ఒక థర్మామీటర్ పెట్టి, షాపు తెరవగానే, మూసేటప్పుడు చూసి నోట్‌బుక్‌లో రాయించండి. రెండు రోజులు వరసగా అంకె పెరుగుతోందంటే మెకానిక్‌ను పిలవాల్సిన టైమ్ అదే.