తల్లి పిల్లికీ ఒక ఇల్లు కావాలి

వీధిలో పిల్లలు పెట్టిన పిల్లిని, కూనలతో సహా కొంతకాలం తమ ఇంట ఉంచుకొని సాకే కుటుంబాలున్నాయి. అలాంటి ఇంటినే ఫోస్టర్ హోమ్ అంటారు. సుమారు 4 వారాలకు కూనలు మెత్తని ఆహారం ముట్టుకుంటాయి. కనీసం 8 వారాలు నిండేదాకా వాటిని తల్లి నుండి వేరు చేయకూడదు. ఆ తర్వాత కూనలను అడిగేవారు వస్తారు, తల్లిని అడిగేవారు తక్కువ. దాన్ని తిరిగి వీధిలో వదిలితే మళ్ళీ చూలు కడుతుంది. దాదాపు 65 రోజుల్లో మరిన్ని కూనలు.

ఒక ప్రయాణంలో సహచరులు రెండు పక్షిపిల్లలను పట్టుకోగా, తల్లి పక్షి తల్లడిల్లింది. అది చూసి దైవప్రవక్త ముహమ్మద్ (స) పిల్లలను తిరిగి ఇచ్చేయమన్నారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. మూగప్రాణి అయినా తల్లి తల్లే.

నమాజు చేసే ఇంట్లో పిల్లి ఉండవచ్చా అని కొందరు సందేహిస్తారు. పిల్లి అశుద్ధం కాదని, మన మధ్య తిరిగే ప్రాణి అని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ అబూ ఖతాదా (రజి) తెలిపారు. దాని మలమూత్రాలు మాత్రం శుభ్రం చేసుకోవాలి.

పెద్ద పిల్లిని తెచ్చుకోవడంలో సౌలభ్యం కూడా ఉంది. దాని స్వభావం ముందే తెలుస్తుంది. చేతికి వస్తుందా, చిన్నపిల్లలను ఓర్చుకుంటుందా అని సాకినవారినే అడగవచ్చు. నెమ్మదైన పిల్లి వృద్ధులున్న ఇంటికి మంచి తోడు.

తెచ్చాక మొదటి కొన్ని రోజులు ఒకే గదిలో ఉంచండి. మంచం కింద దాక్కుంటే లాగవద్దు. నీళ్ళు, తిండి, ఇసుక తొట్టి అందుబాటులో ఉంచండి. ఆవుపాలు చాలా పిల్లులకు పడవు, విరేచనాలవుతాయి. రేబిస్ టీకా తప్పనిసరిగా వేయించండి. పాలు ఇంకిపోయాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించి పశువైద్యుణ్ణి సంప్రదించండి. ధర్మసందేహముంటే మీ ఆలిం గారిని అడగండి.

ఇంట్లో చోటు లేనివారు టీకా, ఆపరేషన్, తిండి ఖర్చులు భరించవచ్చు. అయితే ఖుర్ఆన్ (9:60) జకాత్‌కు పేర్కొన్న 8 పద్దులూ మనుషులకు సంబంధించినవే. కనుక ఈ ఖర్చుకు జకాత్ సొమ్ము కాకుండా సదఖా ఇవ్వండి.

పిల్లిని కట్టేసి, తిండి పెట్టక చంపిన స్త్రీ నరకం పాలైందని, దప్పిగొన్న కుక్కకు నీళ్ళు తాపిన మనిషికి మన్నింపు లభించిందని హదీసులు తెలుపుతున్నాయి. మూగప్రాణుల పట్ల దయచూపే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.