చమురు సంస్థ మెట్టనేలకు వచ్చినది

చమురు తీయు సంస్థకు అనంతపురము మెట్టతో పని యేమి? ఇచ్చటి నేల క్రింద చమురు లేదు, నీరే అరుదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా కురియు వానపై వేరుశనగను నమ్ముకొని బ్రతుకు సీమ యిది. అయినను 2025వ సంవత్సరములో ప్రభుత్వరంగ చమురు సంస్థయైన ఓ.ఎన్.జి.సి. ఈ మెట్టపై వెలసిన విద్యుత్ కేంద్రములలో వాటాదారు అయినది. ఆ సంస్థకు కావలసినది ఇచ్చటి యెండ. అది ఎట్లు జరిగినదో, దాని విషయమున పట్టాదారులు, కౌలురైతులు, గ్రామాధికారులు ఏమి తెలిసికొనవలెనో ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

ఓ.ఎన్.జి.సి. 1956 ఆగస్టు 14న కమిషనుగా ఏర్పడినది. గోదావరి డెల్టాలో దాని బావులను, గ్యాసు గొట్టములను చూడనివారు కోస్తాలో అరుదు. అయితే పాత బావులు ముసలి ఆవులవంటివి. మేత యెంత వేసినను పాలు తగ్గుచుండును. మన దేశము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి విదేశముల నుండియే వచ్చుచున్నది. పైగా చమురు, బొగ్గు మండించుటవలన వాతావరణము వేడెక్కుచున్నదని ప్రపంచ దేశములన్నియు ఒప్పుకొన్నవి. ఈ కారణములచేత 2030 నాటికి 10,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తును చేకూర్చుకొనవలెనని, 2038 నాటికి తన పనులవలన వెలువడు కర్బనమును నికరముగా సున్నకు తేవలెనని ఆ సంస్థ నిర్ణయించుకొన్నది.

ఇందుకై 2024 ఫిబ్రవరిలో ఓ.ఎన్.జి.సి. గ్రీన్ అను అనుబంధ కంపెనీ ఏర్పడినది. అదే ఏడాది నవంబరులో బొగ్గు విద్యుత్తుకు పేరొందిన ఎన్.టి.పి.సి. వారి గ్రీన్ కంపెనీతో సగము సగము వాటాలతో మరొక ఉమ్మడి కంపెనీ వచ్చినది. ఆ ఉమ్మడి కంపెనీ 2025 మార్చిలో అయానా అను పునరుత్పాదక విద్యుత్ సంస్థను పూర్తిగా కొన్నది. అప్పులతో కలిపి దాని విలువ 19,500 కోట్ల రూపాయలుగా లెక్కకట్టిరి. నడుచుచున్నవి, నిర్మాణములో నున్నవి కలిపి అయానాకు సుమారు 4,100 మెగావాట్ల కేంద్రములు దేశములో పలుచోట్ల కలవు. వానిలో 250 మెగావాట్ల సౌర కేంద్రము మన అనంతపురము సోలార్ పార్కులోనిది. దానిని నడుపు అనుబంధ కంపెనీకి అనంతపురము పేరే పెట్టిరి.

ఈ మార్గమున ఓ.ఎన్.జి.సి. మొదటిది కాదు. ఇండియన్ ఆయిల్ కంపెనీకి అంతకు ముందే మన రాష్ట్రములో 48.3 మెగావాట్ల గాలిమరలు కలవు.

ఆ సోలార్ పార్కు నంబులపూలకుంట మండలమునను, పూర్వపు కడప జిల్లాకు చెందిన గాలివీడు మండలమునను విస్తరించియున్నది. నంబులపూలకుంట 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, పార్కునకు పాత జిల్లా పేరే నిలిచినది. ఎన్.టి.పి.సి. స్వంత కేంద్రము 250 మెగావాట్లు 2016 నుండియే అచ్చట నడుచుచున్నది. ఒక మెగావాటు సౌర విద్యుత్తుకు 4 నుండి 5 ఎకరముల నేల కావలెను. అనగా 250 మెగావాట్లకు వేయి ఎకరములకు తక్కువ కాదు. పలకలు పరచిన తరువాత ఆ నేలలో మన మెరిగిన సేద్యము సాగదు. గాలిమర సంగతి వేరు. దాని దిమ్మెకు, దారికి, తీగలకు పోగా మిగిలిన చేనిలో వేరుశనగయో కందియో వేసికొనవచ్చును. కంపెనీ మనుషులు మీ యూరికి వచ్చినప్పుడు అడుగుచున్నది ఎండ కొరకా, గాలి కొరకా అన్నది మొదట తేల్చుకొనుడు. రెంటికి ఒకే ధర, ఒకే షరతులు ఒప్పుకొనుట పొరపాటు.

యజమాని మారినప్పుడు పాత గుత్త పత్రము ఏమగును? చాలమంది రైతులు అడుగు ప్రశ్న యిదే. గ్రామ సహకార సంఘమునకు అధ్యక్షుడు మారినంత మాత్రాన సంఘమిచ్చిన రశీదు చెల్లకపోదు గదా! ఇదియు అట్టిదే. చేతులు మారినవి కంపెనీ వాటాలు. పత్రముపై నున్న కంపెనీ అట్లే యున్నది; దాని బాధ్యతలును అట్లే యున్నవి. కొత్త యజమాని పేరు చెప్పి గుత్త తగ్గించుటకు గాని, కొత్త కాగితముపై సంతకము కోరుటకు గాని ఎవరైన వచ్చినచో తొందరపడవలదు. పార్కులోని నేల విషయము మరికొంత వేరుగా నుండును. అచ్చట భూమి సోలార్ పార్కు సంస్థ అధీనములో నుండును, విద్యుత్ కంపెనీ దానివద్ద గుత్తకు తీసికొనును. కనుక నష్టపరిహారపు తగవులను రెవెన్యూ అధికారుల వద్దను, పార్కు సంస్థ వద్దను అడుగవలెను.

ఇందులోనే ఒక మెలిక కలదు. బోర్డుపై కనిపించు పెద్ద పేరు వేరు, పత్రములో నుండు పేరు వేరు. ప్రతి కేంద్రమునకు ఒక చిన్న కంపెనీని విడిగా నెలకొల్పుట ఈ వ్యాపారమున వాడుక. ఆ చిన్న కంపెనీ గుత్త చెల్లింపక నిలిచిపోయినచో, పెద్ద సంస్థ హామీ వ్రాసియిచ్చి యుండని పక్షమున దానిని నిలదీయుట కష్టము. ప్రభుత్వ సంస్థ గదా, మోసము చేయదు అని చదువకయే వ్రేలిముద్ర వేయువారున్నారు. సంస్థ ప్రభుత్వానిదైనను, పత్రము వ్రాయునది దాని న్యాయవాదియే. హామీ షరతును అడిగి వ్రాయించుకొనుట రైతు హక్కు.

గుత్త పెరుగుదల మరియొకటి. ఈ కేంద్రముల విద్యుత్ అమ్మకపు ఒప్పందములు సాధారణముగా 25 ఏండ్లవి. భూమి గుత్తయు అంతకు తక్కువ కాదు. ఉదాహరణకు ఎకరమునకు ఏటా 20,000 రూపాయలని వ్రాసి, పెరుగుదల మాట వ్రాయకున్న, 25వ ఏట మీ కుమారునకు అందునది ఆ 20,000 మాత్రమే. రెండేండ్లకొకసారి నూటికి 5 చొప్పున పెంచునట్లు వ్రాసినచో, 25వ ఏట అది సుమారు 35,900 అగును. ఆ ఒక్క వాక్యము విలువ అంత. గడువు తీరిన తరువాత ఇనుప కాళ్లను, సిమెంటు దిమ్మెలను ఎవరు తీయవలెనో కూడ అందులోనే వ్రాయించవలెను. దిమ్మెలు మిగిలిన చేనిలో నాగలి సాగదు.

ఏడాదికి మించిన గుత్త 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము తప్పక రిజిస్టరు కావలెను. డి-పట్టా భూమికి 1977 నాటి అసైన్డు భూముల చట్టము, దానికి 2023లో వచ్చిన సవరణ వర్తించును. తహసీల్దారు కార్యాలయములో మీ సర్వే నెంబరు ఏ జాబితాలో నున్నదో చూచుకొనక ముందు బయానా పుచ్చుకొనవలదు.

పట్టా లేనివారి మాట ఎవరును ఎత్తరు. చేను గుత్తకు పోయిన నాడు పట్టాదారునకు ఏటేటా రొక్కము వచ్చును. అదే చేను కౌలుకు చేయువానికి పంట పోవును. పంట సాగుదారు హక్కుల చట్టము, 2019 ప్రకారము కౌలురైతునకు వచ్చు కార్డు 11 నెలల పంటపై హక్కుకే గాని భూమిపై హక్కుకు కాదు. కనుక చేతిలోని పంట కోతకు వచ్చువరకు భూమి అప్పగింపబడకుండునట్లు పత్రములో తేదీ వ్రాయించుట పట్టాదారు చేయదగిన న్యాయము. గొర్రెల కాపరులకు బీడు తగ్గును, వాన వచ్చిన నాడు కుంటకు పోవు వంక కంచెలో చిక్కును. ఊరి పటములో వంకలు, బండిదారులు, గొర్రెల దారులు గీసి యుండును. గ్రామ సర్వేయరు, గ్రామ రెవెన్యూ అధికారి కంచె గుంజలు పాతక ముందే ఆ పటము పట్టుకొని పొలము నడచి, రైతుల యెదుట పంచనామా వ్రాసి పంచాయతీ కార్యాలయములో ఒక ప్రతి ఉంచవలెను.