పాత సింథసైజర్‌కు కొత్త నాబ్‌లు

1983లో వచ్చిన యమహా డీఎక్స్7లో ధ్వనిని మలిచే సెట్టింగులు వందకు పైనే. మార్చడానికి స్లైడర్ మాత్రం ఒక్కటే! ఒక్కోదాన్నీ బటన్లు నొక్కి వెతుక్కోవాలి. విసుగొచ్చి చాలామంది అందులో ఉన్న ధ్వనులతోనే సరిపెట్టుకుంటారు. మా ఇంట్లోనైతే అమ్మేయమన్నారు. నాకు మనసొప్పక, నాబ్‌లున్న మిడి కంట్రోలర్ ఒకటి కొన్నాను.

మీరూ కొనాలనుకుంటే రెండు సంగతులు చూసుకోండి. అది ‘సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్’ సందేశాలు పంపగలగాలి. అయిదు పిన్నుల మిడి అవుట్ ఉండాలి. దాన్ని కేబుల్‌తో సింథసైజర్ మిడి ఇన్‌కు కలిపి, ఫంక్షన్ మోడ్‌లో ‘సిస్ ఇన్ఫో’ను ‘అవైల్’ చేయండి.

డీఎక్స్7లోని ఆరు ఆపరేటర్లలో కొన్ని మనకు వినిపిస్తాయి, కొన్ని వాటికి రంగులద్దుతాయి. రంగులద్దేవాటి స్థాయిని ఒక నాబ్‌కు అప్పగించి తిప్పి చూడండి. మెత్తటి ధ్వనికి లోహపు మెరుపు వస్తుంది! నచ్చితే వెంటనే మెమరీలో దాచుకోండి. వేరే ధ్వనికి మారితే చేతికందింది చేజారిపోవచ్చు.