లోహంలో వంపును చెక్కే మిల్లింగ్ మెషిన్లు

కారు డోరుకీ బానెట్‌కీ వంపు ప్రెస్సు కింద వస్తుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కార్ఖానాలోనూ ఉక్కు రేకు ముందుగా చేరేది ప్రెస్ షాపుకే. అనంతపురం జిల్లాలో ఉండగా 2019లో సెల్టోస్‌తో ఉత్పత్తి మొదలుపెట్టిన ఈ కార్ఖానా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో దీన్ని కట్టారు. మిల్లీమీటరు మందం కూడా లేని రేకును డై అనే ఉక్కు అచ్చుకీ, దానికి జోడైన పంచ్‌కీ మధ్య నొక్కితే ఆకారం తేలుతుంది. డై మీద సన్నని గీత ఉన్నా రేకు మీద కనబడుతుంది. అందుకే కారు నునుపు డైని చెక్కిన మిల్లింగ్ మెషిన్ దగ్గరే మొదలవుతుంది.

చదును ముఖం చెక్కడం తేలిక. బల్ల ఒక దిక్కున నడుస్తుంటే తిరిగే కట్టర్ లోహాన్ని తీసుకుంటూ పోతుంది. డోరు వంపులో వాలు చోటుచోటుకీ మారుతుంది కాబట్టి కట్టర్ ముందుకీ పక్కకీ పైకీ ఒకేసారి కదలాలి. వెనుకటి రోజుల్లో దీనికి కాపీ మిల్లింగ్ వాడేవారు. చెక్క లేదా ప్లాస్టర్ నమూనా మీద ఒక ములుకు పాకేది. అది ఎక్కితే కట్టర్ ఎక్కేది, దిగితే దిగేది. నమూనాలో తప్పుంటే అదీ లోహంలోకి వచ్చేది.

అమెరికాలో హెలికాప్టర్ రెక్కలు చేసే జాన్ పార్సన్స్, వంపును నమూనాతో కాక అంకెలతో చెప్పవచ్చని తలచాడు. 1949లో అక్కడి వైమానిక దళం ఇందుకోసం అతని కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చింది. 1952లో ఎంఐటీ ప్రయోగశాల, రంధ్రాల టేపు చదివి మూడు దిక్కుల్లో నడిచే మెషిన్‌ను చూపించింది. అందుకు మార్చి వాడుకున్నది సిన్సినాటి కంపెనీ హైడ్రోటెల్ మిల్లింగ్ మెషిన్. కంప్యూటర్ నడిపే నేటి సీఎన్‌సీ మెషిన్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

వంపుకు చివరి కోత వేసేది గుండ్రని కొన ఉన్న బాల్ నోజ్ కట్టర్. వేరుశనగ చేలో సాలుకూ సాలుకూ మధ్య మట్టి మిగిలినట్టే, కోతకూ కోతకూ మధ్య సన్నని గట్టు మిగులుతుంది. కొన వ్యాసార్ధం 10 మిల్లీమీటర్లు, కోతల మధ్య దూరం 1 మిల్లీమీటరు అయితే గట్టు ఎత్తు సుమారు 12 మైక్రాన్లు. దూరాన్ని అర మిల్లీమీటరు చేస్తే గట్టు 3 మైక్రాన్లకు, అంటే నాలుగో వంతుకు పడిపోతుంది. మెషిన్ నడిచే సమయం మాత్రం రెట్టింపవుతుంది. డై ఖర్చులో పెద్ద బేరం ఇక్కడే.

ఇంకో చిక్కుంది. గుండ్రని కొన నడిమధ్యన కట్టర్ వేగం సున్నా. అక్కడ లోహం తెగదు, నలుగుతుంది. కట్టర్‌ను వాల్చగలిగే అయిదు అక్షాల మెషిన్లు దీన్ని తప్పిస్తాయి. హైదరాబాద్ రామచంద్రపురంలోని బీహెచ్‌ఈఎల్ చేసే ఆవిరి టర్బైన్లలో పొడవాటి బ్లేడ్లు మొదలు నుంచి కొస దాకా మెలితిరిగి ఉంటాయి. అలాంటి మెలికకు ఈ మెషిన్లు బాగా అక్కరకొస్తాయి.

ఎంత మంచి మెషిన్ అయినా డై నేరుగా ప్రెస్సెక్కదు. నొక్కు వదలగానే రేకు కొంత వెనక్కి విచ్చుకుంటుంది. ఆ మేరకు డై వంపును ముందే మార్చి చెక్కాలి. ఆపైన నీలిరంగు పూసి రేకు నొక్కి, రంగు ఎక్కడ అంటిందో చూసి, ఎత్తుగా ఉన్న చోట్లను పనివాళ్లు సానరాయితో చేత్తో రుద్దుతారు. రంగు అంటవలసిన చోటల్లా సమంగా అంటేదాకా ఈ పని సాగుతుంది.