చేతిలో పెట్టే దానం, కాళ్లమీద నిలబెట్టే దానం

బేతంచెర్ల అంటే అందరికీ నాపరాయి గుర్తొస్తుంది. గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసే కూలీలకు పని ఉన్న రోజే తిండి. రంజాన్ వచ్చిందంటే గడప ముందు చేతులు చాచేవాళ్లు పెరుగుతారు. జకాత్ లెక్క వేసిన ఇంట్లో ఏటా అదే ప్రశ్న: అందరికీ కొంచెం కొంచెం పంచాలా, ఒక్కరినైనా నిలబెట్టాలా?

ఈ ప్రశ్న ముస్లింలది మాత్రమే కాదు. యూదుల ఇళ్లలోనూ శతాబ్దాలుగా నలుగుతోంది. యూదులు అనగానే చాలామందికి గాజా గుర్తొస్తుంది. ఆ బాధ వేరు. ఇక్కడ చెప్పేది పేద యూదులకు సాయం ఎలా అందుతుందన్న సంగతి.

మనం సదఖా అంటాం, వాళ్లు హీబ్రూలో సెదకా అంటారు. రెండు మాటలకూ మూలం ఒకటే. 1204లో చనిపోయిన యూదు పండితుడు మైమోనిడీస్ (అరబ్బులకు ఈయన మూసా బిన్ మైమూన్) కైరోలో వైద్యుడు. ఆయన దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. మొహం మాడ్చుకుని ఇచ్చేది అట్టడుగు మెట్టు. అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి మనిషి మళ్లీ చెయ్యి చాచకుండా చేసేది అన్నిటికన్నా పై మెట్టు.

గుంటూరు జిల్లాలో యూదులు

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. వీళ్లు మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన తెలుగువాళ్లు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. తాము యూదులమని 1980ల చివర్లో బహిరంగంగా చెప్పుకుని, తర్వాత సొంతంగా ప్రార్థనాలయం కట్టుకున్నారు. ఇలా దూరంగా ఉన్న యూదు సమాజాలకు సాయపడేందుకు 1994లో అమెరికాలో 'కులాను' సంస్థ మొదలైంది. ఆ మాటకు 'మనమందరం' అని అర్థం. ఈ సంస్థ కొత్తరెడ్డిపాలెం వాళ్లకూ అండగా నిలిచింది.

ఇలాంటి సంస్థలు సాధారణంగా నోట్ల కట్ట చేతికిచ్చి వెళ్లిపోవు. ఏం కావాలి, ఎంత అవుతుంది, లెక్క ఎవరు చూస్తారు అని ముందే అడుగుతాయి. డబ్బు విడతలుగా ఇచ్చి, ఖర్చు వివరం తీసుకుంటాయి. దీన్నే గ్రాంటు అంటారు.

ఇందులో ఒక చిక్కుంది. బయటినుంచి సాయం వస్తే చాలు, 'డబ్బు కోసమే మతం మారారు' అనేవాళ్లు ఉంటారు. బెనె ఎఫ్రాయిమ్ మీదా ఇలాంటి అనుమానాలు వచ్చాయి. పేదవాడికి అన్నంతోపాటు పరువూ కావాలి. సాయం చేసేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

మన దగ్గర ఎలా?

ఈ దారి ముస్లింలకు కొత్త కాదు. ప్రవక్త (స) దగ్గరికి ఒక పేద అన్సారీ సాయం కోసం వచ్చిన ఉదంతం అబూ దావూద్ సంకలనంలో ఉంది. ప్రవక్త (స) అతని ఇంట్లోని దుప్పటి, గిన్నె తెప్పించి రెండు దిర్హములకు అమ్మించారు. ఒకదానితో ఇంటికి తిండి, ఇంకోదానితో గొడ్డలి కొనమన్నారు. ఆ మనిషి కట్టెలు కొట్టి అమ్ముకుని సొంతంగా సంపాదించుకున్నాడు.

ఒక ఇంటి జకాత్ 5 వేలు అనుకుందాం. 50 మందికి పంచితే తలా 100 రూపాయలు, సాయంత్రానికి అయిపోతాయి. అలాంటి 20 ఇళ్లు కలిస్తే లక్ష. ఒకరికి తోపుడుబండి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లకు కుట్టుమిషన్లు వస్తాయి. అయితే హనఫీ పద్ధతిలో జకాత్ సొమ్ముకు పేదవాడిని పూర్తి యజమానిని చేయాలి. మిషన్ వాడుకోమని ఇచ్చి, మళ్లీ తీసుకుంటామంటే కుదరదు. పక్కింటి ముస్లిమేతర పేదవాడికి జకాత్ కాకుండా, నఫిల్ సదఖా నుంచి ఇవ్వొచ్చు. ఏది ఎందులోంచి ఇవ్వాలో మస్జిద్ ఇమామ్‌ను అడిగి తేల్చుకుంటే మంచిది.

పండగపూట తిండికి, బట్టకు ఇచ్చేది మానాల్సిన పనిలేదు. అందులో కొంత తీసి, ఏడాదికి ఒక్క ఇంటినైనా నిలబెడితే వచ్చే రంజాన్‌కు గడప ముందు చాచే చేతుల్లో ఒకటి తగ్గుతుంది.